డస్టీ నిలబడే చోటు

అక్టోబరు వచ్చేసరికి అమెరికాలోని బిగ్‌హార్న్ కొండల మీద గడ్డి పసుపెక్కుతుంది. మందలన్నీ లోయలోకి దిగిపోతాయి. ఈ ఏడు ముసలి గుర్రం డస్టీ ఒక్కటే కంచె దగ్గర మిగిలిపోయింది. దాని రెండు కళ్లూ పోయాయి. మంచు పడేలోగా కనుమ దాటకపోతే చలికి బతకదు. కానీ గుర్రాల్ని ఎక్కించుకెళ్లే ట్రైలర్ తలుపు చప్పుడైతే చాలు, వణికిపోతుంది.

ఆ పాపం పక్క పశువుల క్షేత్రం ఆసామి ఆరిన్‌ది. వేసవి మొదట్లో దాన్ని పైకి తెచ్చింది అతనే. అంతకుముందు రోజు లాగిన గడ్డిమోపుల బండి బరువుకు తగ్గట్టు పికప్ ట్రక్కులో ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అంకె పెంచుకుని, దాన్ని తగ్గించడం మరిచి, తేలికపాటి గుర్రపు ట్రైలర్ తగిలించుకు బయల్దేరాడు. మొదటి మలుపులోనే ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయాయి. ఏం జరుగుతోందో తెలియని గుడ్డి ప్రాణి మోకాళ్ల మీద పడింది.

"ఈసారీ ఎక్కకపోతే ఇక తుపాకీయే గతి, వెల్మా," అన్నాడు ఆరిన్, టోపీ నలుపుతూ.

డస్టీ వెల్మా భర్త క్లైడ్ పెంచిన గుర్రం. ఆయన పోయాక ఆయన వాసన తెలిసిన ప్రాణి అదొక్కటే. తుపాకీ మాట వినగానే వెల్మాకు ఒళ్లు మండింది.

"తప్పు నీ బండిది, చావాల్సింది అదా? పద, బండి తియ్యి. డస్టీ నిలబడే చోట నేను నిలబడతా."

"మతి గానీ పోయిందా నీకు? నడుం విరిగితే నీ కూతురు నన్ను బతకనిస్తుందా?"

"నెమ్మదిగా తోలితే నా నడుం ఎందుకు విరుగుద్ది?"

ఖాళీ ట్రైలర్‌లో గుర్రమంత బరువుకు దాణా బస్తాలు కట్టి, వెల్మా మధ్యలో కమ్మీ పట్టుకుని డస్టీలా కళ్లు మూసుకుంది. చదునైన తారురోడ్డు మీద ఆరిన్ నెమ్మదిగా తోలుతూ, ఒక్క ట్రైలర్ బ్రేకులనే పట్టించే చిన్న మీటను నొక్కాడు. వెల్మా నుదురు గోడకు కొట్టుకుంది. అంకె తగ్గించమని గోడ మీద బాదింది. ఈసారి మరీ తగ్గించాడు. మామూలు బ్రేకు తొక్కితే పికప్ ఆగబోయింది గానీ ట్రైలర్ వెనక నుంచి దాన్ని నెట్టింది. మళ్లీ బాదింది. ఒక మెట్టు పెంచాడు. మళ్లీ కొంచెం.

ఆ తర్వాత ఆమె బాదలేదు. పలకల సందుల్లోంచి ఎండ రెప్పల మీద మెల్లగా జారిపోతోంది. గడ్డి వాసన. నీళ్ల మీద తేలుతున్నట్టుంది. అచ్చం క్లైడ్ పక్కన కూర్చున్నట్టే. ఆయన ట్రైలర్ లాగుతూ కనుమ దిగేటప్పుడు ఎప్పుడూ పికప్ కిటికీ అద్దానికి చెంప ఆనించి నిద్రపోయేది, ఇంటి ముందు లేచేది. నిద్రమొహం అని ఆయన ఏడిపించేవాడు. మలుపు మలుపుకీ ఆయన చెయ్యి ఆ మీట మీదికి ఎందుకు వెళ్లేదో ఒక్కనాడూ అడగలేదు. ఆ నిద్ర తన అలసటే అనుకుంది ఇన్నాళ్లూ.

తలుపు తెరుచుకుంది. బండి ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియనే లేదు.

"ఏడుస్తున్నావేంటి? దెబ్బ తగిలిందా?" ఆరిన్ కంగారుపడ్డాడు.

"లేదు. ఆ అంకె ఇక కదపకు."

కంచె దగ్గరికి తిరిగొచ్చి బస్తాలు దించాక డస్టీ కంటే ముందు తనే ఎక్కి, దాని చోట నిలబడి పేరు పెట్టి పిలిచింది. గుర్రం చాలాసేపు వాసన చూసింది. ఒక కాలు పెట్టింది, తీసింది. చివరికి వచ్చి ఆమె భుజానికి ముక్కు ఆనించింది.

కనుమ దిగినంతసేపూ వెల్మా ఆరిన్ పక్కన రెప్ప వేయకుండా కూర్చుంది. లోయలో ట్రైలర్ తలుపు తీసి చూస్తే డస్టీ వెనక కాలొకటి సడలించి, కింది పెదవి వేలాడేసుకుని నిద్రపోతోంది.

ఆరిన్ తాడు అందుకోబోయాడు. వెల్మా అతని చెయ్యి పట్టుకుంది.

"కాసేపుండు. ఇల్లొచ్చినా క్లైడ్ నన్ను వెంటనే లేపేవాడు కాదు."