పొయ్యి కాగేదాకా

చీకటి వీడకముందే లేచి గ్లాసుడు టీ పెట్టడం ఆమెకి పెళ్లైన కొత్తల్లో అబ్బిన అలవాటు. ఆయన ఆ టీ నిలబడే తాగి, తలకి తువ్వాలు చుట్టుకుని, కింద వాటా వాళ్ల నిద్ర చెడుతుందని చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవాడు. ఇప్పుడు ఆయన లేడు. వానల్లో పట్టిన దగ్గు చలికాలానికి మనిషినే పట్టుకుపోయింది. మెలకువ మాత్రం ఆ వేళకే వస్తోంది. లేచి కూర్చుంటుంది. స్టవ్వు జోలికి పోదు.

చేతికి పని లేకపోతే మనసు ఊరుకోదు. అలా కూర్చునుండగా ఒకనాడు ఆమెకో సందేహం పుట్టింది. ఆయన బేకరీలో నిప్పుల మేస్త్రి. డ్యూటీ ఆరింటికి. బేకరీ చూస్తే వీధి మలుపులోనే. మరి ఇన్నేళ్లూ గంటన్నర ముందే ఈ మనిషి ఎక్కడికి పోయినట్టు? రెండో కాపురమేమైనా పెట్టాడా అని నవ్వుకోబోయి, నవ్వు రాక ఊరుకుంది.

మేస్త్రి చోట్లో ఇప్పుడు చేస్తున్నది ఆయన తమ్ముడే. రాత్రి భోజనాల దగ్గర మరిదిని కదిపింది.

“పొయ్యి కాగొద్దా వదినా? కట్టెలు పేర్చి, ఇటుకలు ఎర్రబడేదాకా మండించి, నిప్పులు లాగేసి, తడిగుడ్డ పెట్టి తుడవాలి. అప్పటికి గానీ రొట్టె లోపలికి పోదు.”

“అయితే అది పని కాదూ?”

మరిది ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. “పనేంటి? పొయ్యి వెలిగించుకోవడం. పనంటే మొదటి ట్రే లోపలికి పోయాకే.”

“దానికి జీతం?”

“అన్నే ఏనాడూ అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“కంద పోయిందిగా నాయనా. ఇక దురదంతా కత్తిపీటదే.”

మర్నాడు ఆమె లేబర్ ఆఫీసుకి వెళ్లింది. ఇరుకు గది, కిర్రుమనే ఫ్యాను, బల్ల మీద సాసరు మూతపెట్టిన నీళ్ల గ్లాసు. ఆఫీసరు మేడమ్ ఆమె చెప్పిందంతా విని, “ముందు రమ్మని ఓనరు నోటితో చెప్పకపోయినా, పని జరుగుతోందని తెలిసి ఊరుకుంటే ఆ వేళకీ జీతం ఇచ్చి తీరాలమ్మా. ఎవరు ఎప్పుడొచ్చారో లెక్క పెట్టుకోవాల్సిందీ ఆయనే. మీ ఆయనకి రావాల్సింది మీరు అడగొచ్చు” అంది.

“అడిగితే మా మరిదిని పన్లోంచి తీసేస్తే?”

“అడిగినందుకు తీసేస్తే అదింకో తప్పు. ఆ తప్పుకీ శిక్ష ఉంది.”

తనకి తెలియకుండా లోకంలో ఇంత ఆలోచన జరిగిందా అని ఆమెకి వింతగా తోచింది. తనలాంటి దాని ఇంట్లో తెల్లవారుజాము గురించి ఎవరో పెద్దలు కూర్చుని చట్టం చేశారంటే, ఏమో, నమ్మబుద్ధి కాలేదు.

మేడమ్ బేకరీకి వచ్చి అందర్నీ అడిగింది. పని ఎప్పుడు మొదలవుతుందంటే, ఒక్క గొంతుగా ఆరింటికేనన్నారు. తానెవర్నీ ముందు రమ్మనలేదని ఓనరు చేతులు దులుపుకున్నాడు.

పిండి కలిపే ముసలాయన్ని అందరూ పిండి బాబాయంటారు. మేస్త్రికి ప్రాణస్నేహితుడు. ఆమె నేరుగా ఆయన గుమ్మంలోకే వెళ్లి నిలబడింది.

“అంతమాట ఎలా అన్నావు బాబాయ్?”

“అబద్ధమాడలేదు తల్లీ. మేడమ్ పని గురించి అడిగింది, చెప్పాను. పొయ్యి కాగబెట్టడాన్ని పనంటే, అన్నానికి ముందు చేతులు కడుక్కున్నందుకు కూలి అడిగినట్టే. మీ ఆయన వింటే నవ్వేవాడు.”

నిజమే, నవ్వేవాడు. ఆమెకి కోపమూ వచ్చింది, ఆ నవ్వు చెవుల్లోనూ మెదిలింది. వీళ్లు ఓనరుకి భయపడి దాచలేదు. ఆ వేళ వీళ్ల కంటికే ఆనలేదు. ఉన్నప్పుడు కనపడని నిప్పు, లేనప్పుడైనా కనపడుతుందేమో?

“అబ్బాయ్, రేపు ఆరింటికే వెళ్తే ఏమవుతుంది?” అని ఆ రాత్రి మరిదిని అడిగింది.

“ఏముంది, పిండి పులిసి పొర్లుతుంది, ఓనరు నన్ను పట్టుకుని పొర్లిస్తాడు” అన్నాడు మరిది. వెంటనే మొహం చిన్నబోయింది. “పిల్లలున్నవాణ్ని వదినా. చట్టం సంగతి సరే, ఉద్యోగం పోతే?”

ఆమె బలవంతపెట్టలేదు. పొద్దున్న ఆరింటికి బేకరీకి రమ్మని మేడమ్‌కి కబురు మాత్రం పెట్టింది. తెల్లారాక చూస్తే మరిది మెట్ల మీద తువ్వాలు నలుపుతూ కూర్చుని ఉన్నాడు. “పద, నువ్వూ రా. తిట్లు పంచుకుందాం” అన్నాడు.

ఆమె బేకరీ లోపల అడుగుపెట్టడం అదే మొదటిసారి. పొయ్యి అంటే వంటింటి పొయ్యికి అన్నలాంటిదనుకుంది. ఇది గోడంత ఉంది, నడుమెత్తున నల్లటి నోరు. ఆ నోటికి కుడిపక్క ఇటుక ఒకటి అరిగి నున్నబడింది. ఎందుకో అరచెయ్యి ఆనించి చూసింది. చల్లగా ఉంది. ఆయన ఆనుకునే చోటా అని అడగబోయి మానేసింది.

పిండి బాబాయి కంగారుగా బేసిన్ల మీది గుడ్డలెత్తి చూస్తున్నాడు. మేడమ్ తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇంతలో మేడమీంచి ఓనరు లుంగీ ఎగ్గట్టుకుంటూ దిగాడు.

“ఏరా, చచ్చావా? రోజూ చీకట్లో ఈ పొగ వాసనకే నాకు మెలకువొస్తుంది. ఇవాళ ఆరైనా పొగే లేదేంటి? గంటన్నర ముందు రావాలని తెలీదా?”

“రోజూనా అండీ?” అంది మేడమ్ స్టూలు మీంచి.

ఓనరు అటు తిరిగాడు. లుంగీ మెల్లగా కిందికి దించుకున్నాడు. “అదంతా తర్వాత మాట్లాడుకుందాం మేడమ్. ముందు పొయ్యి వెలిగించరా, జనం వచ్చేస్తారు.”

మరిది చంకలోకి కట్టెలెత్తుకుని వదిన వైపు చూశాడు. మాట్లాడింది పిండి బాబాయి.

“అయ్యా, ముందు ఒకటి చెప్పండి. ఇది పనా, కాదా?”

“నీకెందుకయ్యా ముసలాడివి?”

“పిండి పాడవుతోంటే మీరు గుండెలు బాదుకుంటున్నారుగా, అందుకని అడిగా. పని కాకపోతే ఇంత గోలెందుకని.”

ఓనరు చూపు బేసిన్ల మీదికి పోయింది. లోపల పిండి పొంగి, మీది గుడ్డలు పైకి లేస్తున్నాయి. మరిది కట్టెలు ఎక్కడివక్కడ దింపేసి, మైదా బస్తా మీద కూర్చున్నాడు. పిండి బాబాయి వచ్చి పక్కనే చేరాడు. అగ్గిపెట్టె పొయ్యి గట్టు మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.