మా బావ ఇత్తడి పిన్ను

మా అక్క మొగుడు పోయాడని ఎస్టీడీ బూత్ అతను సైకిల్ మీద వచ్చి చెప్పాడు. నేను జొన్నరొట్టె తింటున్నాను. "మరి నా ఇంజన్ ఏమైందంట?" అని అడిగాను. మా ఆవిడ చేతిలో గరిటె నా మీదికి విసిరింది. తగల్లేదు. ముప్పై ఏళ్లుగా విసురుతోంది, గురి మాత్రం రాలేదు.

"మనిషి సచ్చిండంటే ఇంజనంటవేందయ్యా, సిగ్గుందా నీకు?"

సిగ్గు సంగతి తర్వాత. ఆ ఇంజన్ నాది. పదకొండేళ్ల కింద భద్రాచలం రేవులో, జనమంతా చూస్తుండగా, నా పడవకున్న ఇంజన్ను ఊడదీసి భుజాన వేసుకుని పోయాడు. తిరిగి ఇవ్వకుండానే చచ్చిపోయాడు. పొగడ్తలు కావాలంటే పెద్దదినం భోజనాల దగ్గరికి పోవాల్సింది, అక్కడ బోలెడు దొరికాయి. నేను నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి, ఉన్నది ఉన్నట్టే రాయడం వచ్చు.

పడవ వెనక చెక్కకు బిగించే ఇంజన్లు మీరు చూసే ఉంటారు. పైన డబ్బా, కింద నీళ్లలో తిరిగే ఫ్యాను. కొత్తది కొనాలంటే మావాళ్లు పొలం అమ్ముకోవాలి. మా బావ కొత్తవాటి జోలికి పోలేదు. సముద్రపు ఉప్పు తినేస్తే తూకానికి అమ్మేసిన పాతవాటిని కాకినాడ వైపు నుంచి లారీలో ఎండుచేపల బస్తాల మధ్య తెప్పించేవాడు. పట్టేసిన పిస్టన్ మీద కిరసనాయిలు, ఆముదం కలిపి పోసి రోజుల తరబడి నానబెట్టేవాడు. పొద్దున్నే వేపపుల్ల నముల్తూ షెడ్డులోకి వచ్చి, చేత్తో ఒకసారి తిప్పి చూసేవాడు. కదలకపోయినా దాన్ని తిట్టేవాడు కాదు. తిట్లన్నీ మనుషుల కోసం దాచుకునేవాడు.

"ఊరనియ్యి. మామిడికాయ పచ్చడికి ఓపిక పడ్తవ్, దీనికి పడవా?"

కార్బురేటర్ కింద పెట్రోలు కారకుండా వేసే గాస్కెట్లు పెళ్లి కార్డులతో కోసేవాడు. ఎవరు కార్డు తెచ్చి ఇచ్చినా ముందు వేళ్ల మధ్య నలిపి మందం చూసేవాడు, ఆ తర్వాతే పెళ్లికొడుకు ఎవరని అడిగేవాడు. కార్డు పలచగా ఉంటే ఆ పెళ్లికి పోయేవాడు కాదు. ఇది అబద్ధమని మా అక్క అంటుంది. నేను నమ్మను.

మాది జూలూరుపాడు. నీళ్లంటే మాకు చెరువూ, బోరుబావీ. మిరపతోట ఎండిపోయిన ఏడు అక్క నన్ను భద్రాచలం పిలిచింది. ఏడాదంతా ఆయన షెడ్డులో చాకిరీ చేశాను. అందుకు బదులుగా మూడు చచ్చిన ఇంజన్లు విప్పి, నాకోసం ఒకటి కట్టాడు. పై డబ్బా పచ్చది, కింది కాలు నీలం, హ్యాండిల్ ఏ రంగో దేవుడికే తెలియాలి. రేవు మొత్తంలో అంత వికారమైన ఇంజన్ ఇంకోటి లేదు. తాడు రెండో గుంజుకే మోగేది.

"ఇది నీది. నాది గాదు, నీది. పాడు జేసినవనుకో, మల్ల నా మొకం జూడకు" అన్నాడు.

ఆ ఇంజన్‌లో ఫ్యానుకూ, దాన్ని తిప్పే ఇరుసుకూ మధ్య అగ్గిపుల్ల అంత ఇత్తడి పిన్ను ఉంటుంది. ఫ్యాను బండకు తగిలితే ఆ పిన్ను విరుగుతుంది. ఇంజన్ ఊరికే తిరుగుతుంది తప్ప పాడవదు. పైకెత్తి ఇంకో పిన్ను వేసుకుంటే సరి. "ఇరిగేటందుకే పెట్టిన్రు దాన్ని. అది ఇరిగితేనే తక్కినయి దక్కుతయి" అని నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. వందసార్లు చెప్పిన మాట ఎవరి చెవికి ఎక్కుతుంది?

ఆ ఇంజన్ను ఒక పాత పడవకు బిగించుకుని జనాన్ని గోదారి దాటించేవాణ్ణి. ఎండాకాలం గోదారిలో నీళ్లకంటే బండలెక్కువ. వారానికి మూడు పిన్నులు విరిగేవి. సంతకు పోయే ఆడవాళ్లు "నీ పడవకన్న మా కాళ్లు జల్దీ పోతయ్ అన్నా" అని నవ్వేవాళ్లు. అందర్నీ ఎగతాళి చేసేవాణ్ణి నేను, నన్ను ఇంకొకరు చేస్తే ఎట్లా? ఎద్దులబండి తోలిన బుర్రతో ఆలోచించాను. బండి చక్రం జారకుండా ఇనుప శీల పెడతాం, ఇత్తడిది పెట్టేవాడు ఎవడు? పిన్ను తీసేసి, అంతే లావున్న ఇనుప మేకు ఒకటి కోసి దిగ్గొట్టాను.

నెలరోజులు ఏం విరగలేదు. "నా ఇంజన్‌కు పిన్ను రోగం పోయింది" అని రేవంతా చెప్పుకున్నాను. తొలకరి నీళ్లు ఎర్రగా వచ్చిన వారం, సంత రోజు, పడవ నిండా మనుషులు, చింతపండు బుట్టలు, నాలుగు మేకలు. నది నడుమ ఫ్యాను బండకు కొట్టుకుంది. మేకు విరగలేదు. లోపల గేర్లు విరిగాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్లలో ఉంది. పడవ అడ్డం తిరిగి కిందికి కొట్టుకుపోయింది. పిల్లను చంకనెత్తుకున్న ఒకామె నా చొక్కా పట్టుకుని వదల్లేదు. చివరికి ఇసుకదిబ్బకు తగులుకున్నాం. మేకలు మాత్రం అప్పటికే నీళ్లలో దూకి ఒడ్డెక్కాయి.

మా బావ ఇంకో పడవలో వచ్చి మా పడవను రేవుకు లాక్కొచ్చాడు. రేవులో ఫ్యాను విప్పి, వంకరపోయిన మేకును బయటికి లాగాడు.

"ఏందిరా ఇది?"

"మేకు."

"మేకని నాకు తెల్వదా? ఈడెందుకుంది?"

"పిన్ను దినాం ఇరుగుతాంది బావా. బండికి ఇనప శీలనే గదా పెడ్తరు..."

"బండి ఇరిగితే దిగి నడుస్తవ్. ఈడ దిగి ఏడ నడుస్తవ్ రా?" జనం వైపు తిరిగాడు. "సూసిన్రా? మేకకున్న తెలివి మేకు గొట్టినోనికి లేదు!"

రేవంతా నవ్వింది. నా చొక్కా పట్టుకున్నామె కూడా నవ్వింది. నాకు మండింది.

"తుక్కు ఏరుకునేటోనివి, నీకెందుకు గింత బడాయి?" అన్నాను.

ఆయన పడవ చెక్కకున్న బిగింపులు రెండూ విప్పి ఇంజన్ను భుజాన వేసుకున్నాడు.

"అది నాది!" అని అరిచాను.

"గిది నీది" అని మేకును నా అరచేతిలో పెట్టి పోయాడు.

ఆ రోజు నుంచి రేవులో నా పేరు మేకు. "మేకూ, చాయ్ తాగుతవా?" అనేవాళ్లు. వారం కూడా ఉండలేక జూలూరుపాడు వచ్చేశాను. మా బావను దొంగ అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. ఆయన మాత్రం ఎవరు కనబడినా "మేకు మంచిగున్నడా?" అని అడిగేవాడట. నా బిడ్డ పెళ్లికి వచ్చాడు. తిన్నాడు. నాతో ఒక్క మాట మాట్లాడకుండా, మిగిలిన కార్డుల కట్ట అడిగి మరీ పట్టుకుపోయాడు. మందం బాగుందన్నాడట.

మేకును నేను పారెయ్యలేదు. నా ఇంజన్ నాకిచ్చే రోజు ఆయన మొహాన కొడదామని పొగాకు డబ్బాలో దాచుకున్నాను. పెద్దదినానికి పోతూ కూడా జేబులో వేసుకున్నాను. ఫోటో మీద కొట్టేవాణ్ణేమో, చెప్పలేను.

భోజనాలయ్యాక అక్క నన్ను షెడ్డులోకి తీసుకుపోయింది. గోనెపట్టా తీసింది. పచ్చ డబ్బా, నీలం కాలు.

"తమ్మీ, నీదంట. తీస్కపో."

"ఎప్పుడు చెప్పిండు?"

"ఎప్పుడు జెప్పలే? గేర్లకోసం ఆరేండ్లు తిరిగి బాగుజేసిండు. ఇచ్చి రారాదయ్యా అంటే, 'వాన్నే వచ్చి అడగనియ్యి' అనేటోడు. నువ్వు రాకపోతివి."

అక్క ఇంట్లోకి పోయింది. డబ్బా మూత ఎత్తాను. లోపల గుడ్డమూట. విప్పితే గుప్పెడు ఇత్తడి పిన్నులు. వెల్డింగ్ షాపులో దొరికే ఇత్తడి చువ్వను కోసినవి. ప్రతిదాని కొసలూ చేతికి గీరుకోకుండా ఆకురాయితో గుండ్రంగా అరగదీసి ఉన్నాయి.

నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎవరూ చూడటం లేదని జేబులో మేకు తీశాను. వంకర ఎప్పుడో తిన్నగా కొట్టి పెట్టుకున్నాను. ఫ్యాను ఊడదీసి, ఇరుసు రంధ్రంలో పెట్టి తోశాను. దూరలేదు. తొంగి చూశాను. మా బావ రంధ్రంలో సన్నటి గొట్టంలాంటి బుష్షు దిగ్గొట్టాడు. ఆయన పిన్ను మాత్రమే పట్టేలా. గోడకున్న సీసాలో మేకులన్నీ బోర్లించి ఒక్కొక్కటే చూశాను. పొడుగువి లావు, సన్నవి పొట్టి. ఒక్కటీ పనికిరాదు. నన్ను కొలిచినట్టే మేకుల్నీ కొలిచాడు ముసలోడు.

పంతం పట్టి, సుత్తి తీసుకుని, నా పాత మేకును ఒక్క దెబ్బ కొట్టాను. కొస దూరి ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

"తమ్మీ, ఏం జేస్తున్నవ్ ఆడ?" అక్క కేకేసింది.

"ఏం లేదక్కా" అన్నాను, రెండు చేతులా మేకును పట్టుకుని గుంజుతూ.