ముల్లు మాట

మా అక్కది పార్సిళ్ల కౌంటర్లో ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే కిటికీ, అదే ఎత్తు స్టూలు, అదే త్రాసు. పార్సిల్ బరువు ఎక్కువ చూపిస్తోందని ఎవరైనా తగాదాకి దిగితే అక్క గొంతు పెంచదు. "నేను కాదండీ, ముల్లు చెబుతోంది" అంటుంది. ఎంత నోరున్నవాడైనా ఆ మాటకి చల్లబడాల్సిందే. ఆఫీసులో అందరూ ఆమెని ముల్లు మేడమ్ అంటారు. ఆ పేరు పెట్టింది మా బావే. పెళ్లికి ముందు ఒకే పార్సిల్‌ని మూడుసార్లు తూయించుకుని వెళ్లిన ఘనుడు ఆయన.

అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, అక్కకి ఇరవై. నన్ను పెంచిందీ చదివించిందీ అక్కే. ఇప్పుడు కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనిలో ఉన్నా, ఇంకా వాళ్లింటి మేడగదిలోనే పడి తింటున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది ఎవరికి చేశానో మీకు తెలియాలి.

నాకో రేసు సైకిల్ ఉంది. పుర్రెకో బుద్ధి అంటారు కదా, నా బుద్ధి దాని బరువు తగ్గించడం మీద పడింది. ఆదివారాలు నాతో గుట్ట ఎక్కే మిత్రుడి సైకిల్ ఏడున్నర కిలోలు, నాది తొమ్మిది. సీటు మార్చాను, సీటు కింది గొట్టం మార్చాను, టైర్లు, ట్యూబులు, పెడళ్లు మార్చాను. బోల్టులు కూడా ఒక్కొక్కటీ విప్పి తేలికవి బిగించాను. బావ గుమ్మంలో నిలబడి చూసి, "బావమరిదీ, ఆ బోల్టులెందుకు గానీ నీ పొట్ట విప్పి పక్కన పెట్టు. కిలోలకి కిలోలు తగ్గుతుంది" అనేవాడు. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

ముప్పై తొమ్మిదో ఏట అక్కకి కాన్పయింది, అదీ ఎనిమిదో నెలలో. పిల్ల మూడు వారాలు ఆసుపత్రి గాజుపెట్టెలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే చెప్పింది. "రోజూ పొద్దున్నే తూచండి. పందొమ్మిది వందల గ్రాముల కిందికి దిగితే మర్నాడు మళ్లీ చూడండి. అప్పటికీ ఆ అంకె పైకి ఎక్కకపోతే తీసుకొచ్చేయండి, మళ్లీ పెట్టెలో పెట్టాలి." బావ పిల్లల్ని తూచే పాత త్రాసు ఒకటి సంపాదించాడు. పైన పళ్లెం, ముందు గడియారంలాంటి ముఖం, ఒక ముల్లు, అది సున్నా మీదకి రావడానికి కింద ఒక మర. అక్క దాన్ని తుడిచి బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. "నీ సైకిల్ సామాను దీని దగ్గరికి వచ్చిందో, చేతులు విరగ్గొడతా" అంది. నవ్వుతూనే అంది.

శనివారం మధ్యాహ్నం కొత్త హ్యాండిల్ వచ్చింది. అక్కా పిల్లా నిద్రపోతున్నారు. నా చేతులు ఆగలేదు. హ్యాండిల్ ఆ గుండ్రటి పళ్లెంలో నిలవకపోతే చిన్న చెక్కపీట పెట్టాను. పీట బరువు నూట ఇరవై గ్రాములు. అది లెక్కలోకి రాకుండా మర తిప్పి ముల్లుని సున్నాకి తెచ్చాను. పాత హ్యాండిల్ తూచాను, కొత్తది తూచాను. ఎనభై గ్రాములు తేడా! ఆ సంబరంలో పీట తీసేసి, పళ్లెం తుడిచి, పైకి పరిగెత్తాను. మర వెనక్కి తిప్పడం మరిచిపోయాను. సున్నా దగ్గర అడ్డంగా చిన్న కమ్మీ ఉంటుంది, ముల్లు దాని కిందికి పోదు. చూసేవాళ్లకి అంతా సవ్యంగానే ఉంది.

ఆదివారం పొద్దున అక్క కేక విని కిందికి వచ్చాను. ముందురోజు పందొమ్మిది వందల నలభై ఉన్న పిల్ల పద్దెనిమిది వందల నలభై చూపిస్తోంది.

"రాత్రికి రాత్రి వంద గ్రాములేమిటే? త్రాసు తప్పేమో" అన్నాడు బావ.

"ముల్లు చెబుతోందిగా" అంది అక్క. ఆ మాట ఆమె అంత నీరసంగా అనడం నేనెప్పుడూ వినలేదు. "నా పాలల్లో బలం లేదు."

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. నూట ఇరవై త్రాసు మింగింది. అంటే పిల్ల ఇరవై గ్రాములు పెరిగింది. ఆ మంచి కబురు ప్రపంచం మొత్తంలో నా ఒక్కడికే తెలుసు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. తిడుతుందని కాదు, తిట్లు నాకు కొత్తా? బావ ఎదురుగా, ఇరవై ఎనిమిదేళ్ల వెధవని, సైకిల్ హ్యాండిల్ కోసం అని చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆమె అటు వెళ్లగానే మర తిప్పేస్తే రేపు సర్దుకుంటుందిలే అనుకున్నాను. కానీ అక్క ఆ త్రాసుని తన మంచం పక్కకి తెచ్చుకుంది. అక్కడినుంచి కదల్లేదు. గంటకోసారి పిల్లని లేపి పాలిచ్చింది. తను మాత్రం ఒక్క ముద్ద తినలేదు. మధ్యాహ్నం అన్నం పళ్లెం పట్టుకుని నేను వెళితే, "నువ్వు తినరా, చిక్కిపోయావు" అంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆ కాకిని నేనే. ఆ పళ్లెం పట్టుకునే బయటికొచ్చి, ఆకలేసి, ఆ అన్నం నేనే తిన్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, తిన్నాను.

సోమవారం ముల్లు పద్దెనిమిది వందల అరవై దగ్గర ఆగింది. అక్క చిన్న చొక్కాలు మడిచి సంచిలో పెట్టింది. ఆ సంచి మోసుకుంటూ ఆసుపత్రి దాకా వెళ్లాను. దారంతా నాలుక చివర ఉన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలో నర్సు తూచింది. పందొమ్మిది వందల ఎనభై. "బంగారంలా పెరుగుతోందమ్మా. మీ ఇంట్లో త్రాసు పాడైనట్టుంది" అంది. బావ రెండుచేతుల్తో మొహం కప్పుకుని, కాసేపటికి టాక్సీ తెస్తానని వెళ్లాడు. అక్క వరండా బల్ల మీద కూలబడి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, "త్రాసుదేరా తప్పు, నాది కాదు" అంటోంది.

"త్రాసుది కూడా కాదక్కా" అన్నాను. మొత్తం చెప్పాను. పీట, మర, నిన్న పొద్దుటి నుంచీ నాకు తెలుసన్న సంగతి. ఆ చివరిది చెప్పేటప్పుడు ఆమె చెప్పుల వైపు చూస్తూ చెప్పాను. రెండు కాళ్లకీ వేర్వేరు చెప్పులు వేసుకుని వచ్చింది.

అక్క పిల్ల తల మీద గుడ్డ సర్దింది.

"ఎంత తగ్గింది?" అంది.

"పిల్ల తగ్గలేదక్కా, పెరిగింది."

"సైకిల్."

"ఎనభై గ్రాములు."

"అంతేనా?" అంది అక్క, కౌంటర్లో పార్సిల్ తీసుకునేటప్పటి గొంతుతోనే.