స్టీరింగుకు కట్టిన అట్టముక్క

"ముందు టైర్లు చూడమ్మాయ్. ఏడు నెలలు కదలక ఒక పక్క చదునైపోయాయి. పర్లేదు, నాలుగు మైళ్ళు దడదడలాడి సర్దుకుంటాయి. అసలు ఇంజను అందుకోవాలి గదా!"

ఆర్విల్ ఫ్రీసెన్ కారు చుట్టూ మూడోసారి తిరిగాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి షెడ్డులో కాలు నిలవడం లేదు. పక్కింటి మార్సీ టార్చి పట్టుకుని, ఆయన ఎటు తిరిగితే అటు వెలుతురు తిప్పుతోంది.

తుంటి ఆపరేషనైన చెల్లెలు వెర్నాను ఇవాళ బ్రాండన్ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తున్నారు. "పదకొండుకల్లా రాలేదో, నా కూతురింటికి వెళ్ళిపోతా. ఇక నీ వంట నువ్వే చూసుకో," అని ఫోనులో తేల్చేసింది. ఆర్విల్‌దీ మార్సీదీ ఎత్తు ట్రక్కులు. వెర్నా వాటిలోకి కాలెత్తి ఎక్కలేదు. ఉన్నదల్లా ఈ పాత కారే. తొమ్మిది దాటింది.

"బ్యాటరీ చార్జి చేశా. పొగగొట్టంలో కుక్కిన స్టీలు పీచు పీకేశా. ఇంకేం మర్చిపోయానో! అంతా రాసి కట్టుకున్నాను కూడా."

"ఏదీ?"

ఎలుకలు దూరకుండా ఎక్కడెక్కడ ఏం కుక్కారో అట్టమీద రాసి స్టీరింగుకు కట్టందే ఆ ఊళ్ళో ఎవరూ చలికాలానికి కారు దాచరు. ఆర్విల్ కట్టిన దారానికి బొటనవేలంత అట్ట వేలాడుతోంది. మిగతాది సీటు మీద మెత్తటి గూడైంది.

మార్సీకి నవ్వాగలేదు. "కారంతా మూసి, జాబితా మాత్రం వాటికి వదిలేశారా?"

"నవ్వు, నవ్వు. ఆ ఎలుక ఈపాటికి పిల్లలకు చదివి వినిపించే ఉంటుంది."

మళ్ళీ తాళం తిప్పాడు. ఇంజను మూలిగి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

"ఊపిరాడనట్టు దగ్గుతోందండీ," అంది మార్సీ.

పొద్దుటినుంచి మొదటిసారి ఆర్విల్ కదలకుండా నిలబడ్డాడు. గబుక్కున బానెట్ ఎత్తి, ఇంజనుకు గాలి వెళ్ళే గొట్టంలో రెండు వేళ్ళు పెట్టి లాగాడు. ఎర్ర ఉన్ని మేజోడు ఒకటి సాగుతూ బయటికొచ్చింది.

"ఇది వెర్నా అల్లింది కాదూ? నాకూ ఒక జత ఇచ్చింది."

ఆర్విల్ అప్పటికే కారులోకి వంగాడు. ఈసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది, షెడ్డంతా నీలిపొగ. గూడును చేత్తో బయటికి ఊడ్చేసి, కారు వెనక్కి తీస్తూ కిటికీలోంచి మేజోడు ఆమె చేతిలో పడేశాడు.

"ఆసుపత్రికి ఫోన్ చేసి, మీ అన్న బయల్దేరాడని చెప్పు తల్లీ. వెర్నా ఈలోగా ఇంకెవరి కారూ ఎక్కకూడదు. ఆనక దీన్ని ఉతికి ఆరేసి, మేం వచ్చేలోగా నా సొరుగులో రెండోదాని పక్కన పెట్టెయ్. నీకు పుణ్యముంటుంది!"