నానోగ్రాముకు అందని వాసన

మొన్న మా మనవరాలు పాఠం బట్టీపడుతూ మిల్లీ, మైక్రో, నానో, పికో అంటూ ఒక్కో మెట్టూ దిగి, మా రోజుల పుస్తకాల్లో లేనే లేని రోంటో, క్వెక్టోల దాకా వెళ్ళేసరికి, ఒలుస్తున్న చిక్కుడుకాయలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. తొంభైల చివర్లో నేను గుంటూరులో పురుగుమందుల అవశేషాలు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో పనిచేసేదాన్ని. మిరపకాయలూ, పత్తిగింజలూ, అప్పుడప్పుడూ నీళ్ళూ వచ్చేవి. లీటరు నీటిలో ఉన్న నానోగ్రాములను, అంటే గ్రాములో వందకోట్లవ వంతును కూడా మా యంత్రం పట్టేస్తుందని మాకు మహా గర్వం.

పత్తి పూర్తిగా పోయిన ఏడాది, పర్చూరు వైపు నుంచి ఒక రైతు భార్య సీసాలో బావినీళ్ళు తెచ్చింది. భర్త వెంట వచ్చాడు గానీ లోపలికి రాక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నెలరోజులుగా నీళ్ళు మందు వాసన కొడుతున్నాయని ఆమె గొడవ. ఇంట్లో ఇంకెవరికీ ఆ వాసన రావడం లేదు. రెండుసార్లు పరీక్షించి, ఏమీ లేదన్నాను.

"అసలు లేనట్టా అమ్మా, మీ మిషనుకి కనపళ్ళేదా?" అని అడిగింది.

నానో కింద పికో ఉందనీ, అంత లోతుకు మా యంత్రం దిగలేదనీ ఒప్పుకోక తప్పలేదు. అయినా మనసొప్పక, మూడు గ్లాసుల్లో స్వేదనజలం పోసి, ఒకదానిలో మాత్రం ఆ బావినీళ్ళు ఒక్క చుక్క వేసి, ఆమె చూడకుండా వరస మార్చి ముందు పెట్టాను. వాసన చూసి, చుక్క పడిన గ్లాసునే పక్కకు తోసింది. ఐదుసార్లు మార్చాను, ఐదుసార్లూ అదే గ్లాసు. గుమ్మం వైపు చూస్తే, ఆ మనిషి తువ్వాలుతో ముఖం కప్పుకుని గొంతుక్కూర్చున్నాడు.

"ఇంక ఆపండమ్మా, బావి పూడిక తీయిస్తాను," అన్నాడు.

వేసవిలో ఆమె ఒక్కతే మళ్ళీ వచ్చి సంగతి చెప్పింది. పూడికలో మందు డబ్బా బయటపడిందట. పంట పోయిన దిగులుతో తను తాగి చావడానికే కొన్నాననీ, చేతులు రాక బావిలోకి విసిరేశాననీ భర్త ఆ బురదలోనే కూలబడి ఏడ్చాడట. డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టింది. మూతకున్న సీలు చెక్కుచెదరలేదు. ఒక్క బొట్టు కూడా బయటికి కారలేదు.

"ఇప్పుడు వాసన రావట్లేదమ్మా. ఆయన కూడా అన్నం తింటన్నాడు," అంది.

తరవాత పికోగ్రాములు చూసే యంత్రాలూ వచ్చాయి, నేను రిటైరయ్యాను. ఇప్పుడు సీసాలు కొరియరులో వస్తాయి, రిపోర్టులు ఫోనుకు పోతాయి. సీసా మీది నంబరు తప్ప, ఆ నీళ్ళు తాగే మనిషి ముఖం ల్యాబులో ఎవరూ చూడరు. మేం చూసేవాళ్ళం.