ఖాళీ గిన్నె

మా చెల్లెలి కూతురికి ఎనిమిదో నెల వచ్చింది కానీ బరువు మాత్రం పెరగలేదు. అంగన్‌వాడీ టీచరు తూచి, మళ్లీ తూచి, పిల్ల ఏం తింటోందండీ అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. పెసరపప్పూ బియ్యమూ వేయించి, మర పట్టించి, నెయ్యేసి ఉగ్గు వండుతున్నది నేనే కదా! మరిది కువైట్‌లో ఉంటాడు. చెల్లెలు కాన్పుకని రాజోలు దగ్గర మా పుట్టింటికి వచ్చి ఉండిపోయింది. నేను వేసవి సెలవులకు రామచంద్రపురం నుంచి వచ్చాను. నిండుగా ఇచ్చిన గిన్నె రోజూ ఖాళీగా తిరిగొచ్చేది. మరి ఆ తిండంతా ఏమైపోతున్నట్టు?

ముందు ఆ తూకం మిషన్నే అనుమానించాను. తర్వాత అమ్మని. నేనటు తిరగగానే ఉగ్గులో నీళ్లు కలిపేస్తోందేమోనని వంటింట్లో కాపు కాశాను. ఎదురింటి పిల్లినీ వదల్లేదు. కన్నతల్లిని ఎవరు అనుమానిస్తారు? కానీ నేను అడక్కముందే "అంతా తినేసిందక్కా" అనేది చెల్లెలు. అక్కడే నాకు తేడా కొట్టింది.

ఒక మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే, ఓరగా వేసిన గది తలుపు దగ్గర నిలబడ్డాను. పిల్ల రెండు చెంచాలు తిని మొహం తిప్పేసింది. చెల్లెలు బుజ్జగించలేదు, బతిమాలలేదు. అటు తిరిగి మిగతాదంతా గబగబా తనే తినేసి, గిన్నె వేలితో తుడుచుకుని నాకింది.

చెంప పగలగొట్టాలన్నంత కోపంతో లోపలికి వెళ్లాను.

"ఆకలేస్తోందక్కా," అంది, నోట్లోది ఇంకా మింగకుండానే.

ఆ ఆకలంతా పురుడైన దగ్గర్నుంచీ అమ్మ దానికి పెడుతున్న పథ్యం వల్లే. కారప్పొడీ, వేయించిన వెల్లుల్లీ, కాస్త అన్నం. పప్పు తింటే పిల్లకి కడుపునొప్పట, పెరుగు తింటే జలుబట. చుట్టూ కొబ్బరితోటే, ఒక్క ముక్క నోట పెట్టనివ్వదు. మూడో నెలలో ఆగాల్సిన పథ్యం పిల్ల తుమ్మినప్పుడల్లా పెరుగుతూ వచ్చింది. ఇలా ఎండబెడితే ఆ తల్లికి పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అమ్మని లేపి దులిపేశాను.

"నిన్నూ అలాగే పెంచేనే. బతకలేదా?" అంది.

"నేను బతికేనమ్మా. అప్పుడు నీకెంత ఆకలేసేదో గుర్తుందా?"

అమ్మ లేచి వెళ్లి పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుంది.

చెల్లెలికి పప్పూ అన్నం, పక్కన గడ్డపెరుగు వడ్డించాను. ఎవరైనా కంచం లాగేసుకుంటారేమో అన్నట్టు వంగి తింది. పెరుగు కలుపుకునే సమయానికి పిల్ల తుమ్మింది. ఒక్క తుమ్మే. అమ్మ తలెత్తి నా వంక చూసింది. చెల్లెలి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"తినవే," అన్నాను. చెయ్యి కదల్లేదు.

పక్కన కూర్చుని నేనే ముద్ద కలిపాను. నోరు తెరవమన్నాను. అది అమ్మ మొహంలోకి చూస్తూ, భయంభయంగా నోరు తెరిచింది.