చెనక్కాయ పొట్టు తీర్పు

బాగేపల్లి టూరింగ్ టెంటులో నేను టికెట్లు ఇచ్చే రోజుల్లో, పొద్దున్నే ఇసక నేల ఊడ్చడానికి ఒక ముసలమ్మ వచ్చేది. నాలుగడుగులు ఊడ్చేసరికి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి "అయ్యో శివా" అనేది. ఒక్క సినిమా కూడా చూసి ఎరగదు. పొద్దు గూకితే నిద్రకు కళ్ళు నిలవవట.

ఆ యేటి సర్కారు బహుమతికి పోటీలో నిలిచిన నాలుగు సినిమాల పేర్లు ఒకరోజు పేపర్లో పడ్డాయి. నాలుగూ మా టెంటులో ఆడినవే. ఏది మొదటిదో తేలక నేనూ ఆపరేటరూ గొంతులు పెంచుకుంటుంటే ఆమె చీపురు ఆపింది.

"ఆ గుర్రాల సినిమాను కడాకు పెట్టండప్పా. చెనక్కాయ పొట్టు గంపలకు గంపలు ఎత్తినా. గుడ్డి చెల్లెలి సినిమాను మొదటికి పెట్టండి. నడిమి రెండూ మీ ఇష్టం."

"చూడకుండా ఎట్ల చెప్తావమ్మా?"

"ఆ చెల్లెలి సినిమా ఆడిన పొద్దు పొట్టే లేదు. ఒలవని కాయలు ఇసకలో పడి ఉండాయి. కొనుక్కొని గూడా తినేది మరిచిపోయినారు జనం. ఏరుకొని ఇంటికి తీసకపోయినా."



నెల తిరిగేసరికి బహుమతి గుర్రాల సినిమాకే వచ్చింది. ఆ వార్త ఆమెకు చదివి వినిపించాను, కాస్త ఎగతాళిగానే. ఆమెకు కోపం రాలేదు. నడుం పట్టుకుని వంగి, మళ్ళీ చీపురు అందుకుంది.

"ఇచ్చుకోనీలేప్పా. ఇచ్చినోళ్ళేమన్నా ఊడ్చినారా?"